ఎవరి భయం లెక్కకొస్తుంది?

పేపర్లో మన ప్రాంతం గురించి వార్త వచ్చిందంటే రెండు మాటలు దాదాపు తప్పవు. ఒకటి 'మావోయిస్టు ప్రభావిత ప్రాంతం'. రెండోది 'అమాయక గిరిజనులు'. మొదటి మాట చదివిన మైదాన ప్రాంతం వాళ్ళకు భయం పుడుతుంది. రెండోది చదివితే జాలి పుడుతుంది. ఈ రెండూ కాని మూడో భావం కలిగించే వార్తలు మేము చాలా తక్కువ చూశాం. సంతకు పోయి ఉప్పు, మిరపకాయలు, టార్చిలైటు సెల్లు కొనుక్కుని వచ్చే మనిషి ఆ వార్తల్లో ఉండడు. ఆ సెల్లు ఎవరి కోసం కొన్నావని దారిలో ఆపి అడిగితే ఏం చెప్పాలా అని తడబడే మనిషి అసలే ఉండడు.

కథను, కవితను సమీక్షించినట్టే ప్రభుత్వ నివేదికనూ, చట్టాన్నీ, మంత్రిగారి ప్రసంగాన్నీ సమీక్షించవచ్చునని మా అభిప్రాయం. అవి కూడా రాతలే. వాటిలోనూ పాత్రలుంటాయి. ఎవరు మాట్లాడతారు, ఎవరి గురించి మాట్లాడతారు, ఎవరి మనసులోకి తొంగిచూస్తారు, ఎవరిని బయటి నుంచే చూసి వదిలేస్తారు అన్నది చూస్తే రాసినవాళ్ళు ఎటువైపు నిలబడ్డారో తెలిసిపోతుంది. దేశభద్రత అనే పేరుతో మన మీద వచ్చిన రాతల్ని అలా చదివితే మాకు ఒక సంగతి బాగా కనబడింది. తుపాకీ ఉన్న మనిషికి భయం వేస్తే ఆ భయం అతను చేసిన పనికి కారణంగా రాస్తారు. తుపాకీ లేని మనిషికి భయం వేస్తే ఆ భయాన్నే అతని మీద సాక్ష్యంగా రాస్తారు.

ఈ మాట ఊరికే అనడం లేదు. సర్కేగూడ సంగతి చూడండి. గోదావరికి అవతల, ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా. 2012 జూన్ 28 రాత్రి ఊరివాళ్ళు ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటున్నారు. భద్రతా బలగాలు చుట్టుముట్టి కాల్చాయి. 17 మంది చనిపోయారు, అందులో పిల్లలున్నారు. మరునాడు దేశమంతా వచ్చిన వార్త పెద్ద ఎదురుకాల్పుల వార్త. ఊరివాళ్ళు మాత్రం మొదటి రోజు నుంచీ ఒకే మాట చెప్పారు: విత్తనాల పండుగ ఎప్పుడు చేయాలో మాట్లాడుకోవడానికి కూర్చున్నాం. మన దగ్గర కోయ గూడేల్లో చేసుకునే విజ్జ పండుమే అది. దుక్కి దున్నేముందు, గింజ నేలలో పడకముందు ఊరంతా కలిసి కూర్చోకుండా ఆ పండుగ ఎక్కడైనా జరుగుతుందా? ఈ మాట భద్రాచలం దగ్గర ఏ పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. దాన్ని ఒప్పుకోవడానికి న్యాయవిచారణ కమిషన్‌కు ఏడేళ్ళు పట్టింది. జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ నివేదిక 2019లో బయటికి వచ్చింది. చనిపోయినవాళ్ళు మావోయిస్టులనడానికి ఆధారం లేదని, ఊరివాళ్ళ వైపు నుంచి కాల్పులు జరిగినట్టు రుజువు కాలేదని తేల్చింది. బలగాల్లోని వాళ్ళకు తగిలిన గాయాలు వాళ్ళలో వాళ్ళు కాల్చుకున్నవే కావచ్చునని చెప్పింది. మరి ఎందుకు కాల్చారు? కంగారులో, భయంలో కాల్చి ఉండవచ్చు.

ఆ తర్వాత ఏడాది తిరగకముందే అదే జిల్లాలో ఎడెస్‌మెట్ట. 2013 మే 17 రాత్రి. మళ్ళీ విజ్జ పండుమే. ఈసారి 8 మంది ఊరివాళ్ళు పోయారు, వారిలో నలుగురు పిల్లలు. బలగాల్లోని ఒక జవాను కూడా పోయాడు. అదే న్యాయమూర్తి విచారణ చేశారు, 2022 మార్చిలో నివేదిక శాసనసభ ముందుకు వచ్చింది. అందులోనూ అదే కారణం. మంట చుట్టూ జనాన్ని చూసి, మావోయిస్టులనుకుని, భయపడి కాల్చి ఉంటారు. పొరపాటు. ఆత్మరక్షణ పరికరాలు సరిగా ఇచ్చి ఉంటే, సమాచారం సరిగా అంది ఉంటే ఈ కాల్పులు జరగకపోయేవేమోనని కూడా నివేదిక అంది.

మేము ఆ నివేదికల్ని తక్కువ చేయడం లేదు. ఊరివాళ్ళు చెప్పిన మాట నిజమని ఒక న్యాయమూర్తి రాసిపెట్టడం చిన్న విషయం కాదు. అలా రాసినవాళ్ళు ఎంతమంది ఉన్నారు? కానీ సమీక్షకులుగా మరొక్క ప్రశ్న అడగాలి. కాల్చినవాడి గుండె ఎంత వేగంగా కొట్టుకుందో ఊహించి రాయడానికి అక్కడ చోటు దొరికింది. అతని భయానికి మందు కూడా సూచించారు, మంచి పరికరాలు ఇవ్వండని. మంట దగ్గర కూర్చున్న పదేళ్ళ పిల్లవాడి భయానికి ఏం సూచించారు? ఆ జవాను కూడా ఎక్కడో ఒక పేద ఇంటి బిడ్డే, చీకట్లో తెలియని అడవిలో నడిచి వచ్చినవాడే, అతనికి భయం వేయలేదని మేము అనం. అతని భయం నిజమే. ఆ రాత్రి భయపడినవాడు అతనొక్కడే అన్నట్టు రాయడమే మా అభ్యంతరం.

ఇక రెండో సగం చూడండి. అడవిలో బలగాలు కనబడగానే పరుగెత్తాడు కాబట్టి అనుమానం వచ్చిందన్న వాక్యం ఎన్ని వార్తల్లో చదివాం! పరుగెత్తడం మనకు ఎలాంటి పని? ఎలుగుబంటి ఎదురైతే పరుగెత్తుతాం. ఫారెస్టు గార్డు గొడ్డలి లాక్కుంటాడంటే పరుగెత్తాం, మన తాతలూ పరుగెత్తారు. బుర్కపాల్ దగ్గర 2017 ఏప్రిల్ 24న మావోయిస్టుల దాడిలో 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. ఆ కేసులో చుట్టుపక్కల ఊళ్ళ ఆదివాసీలను పట్టుకుపోయి ఉపా చట్టం కింద జైల్లో పెట్టారు. 2022 జూలైలో దంతెవాడ కోర్టు 121 మందినీ నిర్దోషులని వదిలిపెట్టింది. అప్పటికి అయిదేళ్ళు గడిచాయి. అయిదేళ్ళంటే ఒకటో తరగతి పిల్లవాడు అయిదు పూర్తిచేసి ఆశ్రమ పాఠశాలకు వెళ్ళే కాలం. తండ్రి తిరిగి వచ్చేసరికి కొడుకు గుర్తుపట్టాడో లేదో ఏ తీర్పులోనూ ఉండదు.

ఈ రాతలు కొత్తగా మొదలైనవి కావు. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం చేశారు. దాన్ని 1911లో మద్రాసు రాజ్యానికి తెచ్చారు. ఎరుకల సోదరులకు ఈ చరిత్ర మేము చెప్పనక్కరలేదు. స్టూవర్టుపురం, సిద్ధాపురం, కప్పరాళ్ళతిప్ప అనే పేర్లే చెబుతాయి. పుట్టిన బిడ్డ ఇంకా కళ్ళు తెరవకముందే నేరస్థుడు. రాత్రిపూట హాజరు పలకాలి. పొరుగూరి పెళ్ళికి పోవాలన్నా చీటీ కావాలి. ఉప్పు బస్తాలు, ధాన్యం ఎడ్ల మీద వేసుకుని తిరిగి అమ్ముకునే జనం, రైళ్ళు వచ్చి ఆ వ్యాపారం పోయాక, ఊరూరా తిరుగుతున్నారు కాబట్టి భయం కలిగిస్తున్నారట! తిరిగేవాడంటే స్థిరంగా ఉన్నవాడికి పుట్టే భయాన్ని చట్టంగా రాశారు, అంతే. స్వతంత్రం వచ్చాక 1952లో ఆ చట్టం పోయింది. మన పెద్దలు సంబరపడ్డారు. కానీ దాని వెనకాలే అలవాటుపడిన నేరస్థుల చట్టాలు వచ్చాయి. జాతి పేరు తీసి మనిషి పేరు రాశారు. స్టేషన్లో రిజిస్టరు మాత్రం అదే బీరువాలో ఉంది.

ఈ సంగతి గుర్తుపెట్టుకోమని యువతను ప్రత్యేకంగా కోరుతున్నాం. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వం 2026 మార్చి 31 అని గడువు పెట్టి, ఆ నాటికి మావోయిజం ఉండదని చెప్పింది. 2006 ఏప్రిల్లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఇది దేశ అంతర్గత భద్రతకు అన్నిటికంటే పెద్ద సవాలు అన్నారు. ఆ పార్టీ వేరు, ఈ పార్టీ వేరు. భాష ఒకటే. మేము అడిగేది చిన్న ప్రశ్న. భయానికి కారణం పోయిన మర్నాడు, దాని పేరు చెప్పి వేసిన క్యాంపులు కూడా పోతాయా? లేక రిజిస్టరులాగా వేరే అట్టతో ఉంటాయా? ఈ ప్రశ్న అడిగే అభ్యర్థిని ఏ ఎన్నికలోనూ మేము చూడలేదు, మన రిజర్వుడు సీట్లలో కూడా.

ఎన్నికలంటే గుర్తొచ్చింది. 2023 నవంబరు 30న తెలంగాణ శాసనసభ ఎన్నికలు జరిగాయి. రాష్ట్రమంతా సాయంత్రం 5 గంటల వరకు పోలింగు. 13 నియోజకవర్గాల్లో మాత్రం 4 గంటలకే ముగించారు, మావోయిస్టు ప్రభావితమని. ఆసిఫాబాద్, ములుగు, పినపాక, ఇల్లందు, అశ్వారావుపేట, భద్రాచలం ఆ జాబితాలో ఉన్నాయి. చదవగానే ఏం అర్థమవుతోంది? మన ఓట్లు ఎక్కువగా ఉన్నచోటే ప్రజాస్వామ్యం గంట ముందు తలుపు వేసుకుంటోంది. గంటే కదా అంటారు. కొండ దిగి, వాగు దాటి, పిల్లను చంకనేసుకుని నడిచి వచ్చే మనిషికి ఆ గంట ఎంతో మైదానంలో కూర్చున్నవాళ్ళకు తెలియదు. మా వాళ్ళు మాత్రం ఏళ్ళ తరబడి నడిచారు, ఓటేశారు. అభ్యర్థి గూడెంలో మంచం మీద కూర్చుని అంబలి తాగి ఫొటో దిగి వెళ్ళాడు. గెలిచాక లోపలి ఊళ్ళకు పోవద్దని ఆయనకు పోలీసులే చెబుతారు, ప్రమాదమని. ఆయన భయం కూడా లెక్కకొచ్చే భయమే. గన్‌మెన్ దొరికారు. మనకు మాత్రం ఎమ్మెల్యే దొరకలేదు.

ఇలా మనసు విరిగిన యువకులు ఈ రోజుల్లో ఎవరికీ ఓటేయం, ఏదీ నమ్మం అంటున్నారు. వాళ్ళను తిట్టే హక్కు మాకు లేదు. ఏజెన్సీ టీచరు పోస్టులు నూరు శాతం మనకేనన్న 3వ నంబరు జీవోను 2020లో సుప్రీంకోర్టు కొట్టేసినప్పుడు డీఎడ్, బీఎడ్ చదివి ఎదురుచూస్తున్న పిల్లల ముఖాలు మేము చూశాం. కానీ అదే సుప్రీంకోర్టు 2011 జూలై 5న ఇంకో తీర్పు ఇచ్చింది. దాన్ని ప్రతి ఆదివాసీ ఉపాధ్యాయుడూ చదవాలి. బస్తర్‌లో 2005లో సల్వాజుడుం మొదలైంది. అయిదో తరగతి దాకా చదివిన ఆదివాసీ యువకులను నెలకు 3000 రూపాయలిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా పెట్టుకుని, చేతికి తుపాకీ ఇచ్చారు. వాళ్ళకే కోయ కమాండోలనీ పేరు. జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ అది రాజ్యాంగ విరుద్ధమన్నారు. అంత కొద్ది చదువుతో ఉన్న పిల్లలు తాము దేనికి ఒప్పుకుంటున్నారో తెలుసుకుని ఒప్పుకున్నారని ఎలా అనగలమని అడిగారు. అంటే మొదటిసారి ఒక పెద్ద రాతలో మన కుర్రవాడి మనసులోకి కూడా తొంగిచూశారు. అందుకే మాకు ఆ తీర్పు మీద గౌరవం.

తర్వాత ఏమైంది? ఆ రాష్ట్ర ప్రభుత్వం అదే ఏడాది కొత్త చట్టం చేసి ఆ కుర్రవాళ్ళను సహాయక సాయుధ దళంలోకి మార్చుకుంది. మళ్ళీ అట్ట మార్చడమే. 2025 ఆగస్టులో ఆ న్యాయమూర్తి ఉపరాష్ట్రపతి పదవికి పోటీచేస్తుంటే, ఆ తీర్పు లేకపోతే 2020 నాటికే నక్సలిజం ముగిసేదని కేంద్ర హోంమంత్రి అమిత్ షా అన్నారు. అయిదో తరగతి చదివిన పిల్లవాడికి తుపాకీ ఇవ్వకండి అన్న మాట దేశభద్రతకు అడ్డం వచ్చిందట. ఈ విమర్శను పార్టీల గొడవగా చూసి వదిలేశారు చాలామంది. మనకు అది అలా కనబడకూడదు. ఆ పిల్లవాడు ఏ బడిలో అయిదు చదివాడు, ఆరు ఎందుకు చదవలేదు అని అడగాల్సినవాళ్ళం మనమే.

అలా అడిగిన సందర్భం చరిత్రలో ఒకటుంది. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం, ఆయన సహచరులు పోలీసు తూటాలకు చనిపోయారు. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోమని హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో గోండులతో పాటు ఉండి భూములు ఎలా పోయాయో రాశాడు. పట్టాలు ఇచ్చారు, గోండీలో చదువు మొదలైంది. నిజాం మంచివాడని చెప్పడం కాదిది. భయపడిన రాజ్యం కూడా ఒక్కోసారి ఎందుకు అని అడగగలదు అని చెప్పడం. దానికి నలభై ఏళ్ళ తర్వాత అదే గడ్డ మీద, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లిలో అడగలేదు. భూమి కోసం సభ పెట్టుకుంటే కాల్చారు. ప్రభుత్వ లెక్క 13 మంది, జనం లెక్క అంతకు ఎన్నో రెట్లు. స్తూపం కట్టారు, పేల్చేశారు, మళ్ళీ కట్టారు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఏప్రిల్ 20 వస్తే 144 సెక్షన్, స్తూపం చుట్టూ పోలీసులు. చనిపోయినవాళ్ళకు పూలు పెట్టడానికి వచ్చే ముసలమ్మను చూసి కూడా భయపడిన రోజులవి. ఇప్పుడు పార్టీలన్నీ అక్కడికి వచ్చి మొక్కుతున్నాయి. మంచిదే. పోడు పట్టా అడిగితే మాత్రం ముఖాలు మారతాయి.

ఇంతవరకు రాసి ఆపేస్తే మాకు చప్పట్లు వస్తాయి. కానీ అది సగం సమీక్షే అవుతుంది. మన రచయితలం కూడా ఒక భయాన్ని లెక్కలోంచి తీసేశాం. మన కథలు తిరగేయండి. ఫారెస్టోడు వస్తాడు, పోలీసు వస్తాడు, షావుకారు వస్తాడు. అర్ధరాత్రి తలుపు తట్టి అన్నం పెట్టమని అడిగి, మర్నాడు నువ్వే చెప్పావని నిలదీసేవాళ్ళ గురించి ఎన్ని కథలున్నాయి? ఇన్ఫార్మర్ అని చీటీ రాసిపెట్టి చంపిన మనిషి కూడా మన గూడెం మనిషే. అతని భార్య భయం గురించి మేము ఎంత రాశాం? 2018 సెప్టెంబరు 23న లివిటిపుట్టు దగ్గర అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను మావోయిస్టులు కాల్చి చంపారు. ఇద్దరూ ఆదివాసీలే. వాళ్ళ రాజకీయాలతో ఎవరికైనా గొడవ ఉండొచ్చు. దానికి తీర్పు చెప్పాల్సింది ఓటువేసిన జనం. అప్పుడు మన పత్రికల్లో చాలావరకు మౌనమే చూశాం. ఆ మౌనం వెనక భయమే ఉంది. భయం ఉంటే తప్పులేదు, అది ఉందని ఒప్పుకోకపోవడమే రాతను పాడుచేస్తుంది. 'అమాయక గిరిజనులు' అనే మాటను తప్పు పడుతున్న మనం 'వీర ఆదివాసీ' అనే మాటతో దాన్ని మార్చేసి సరిపెట్టుకున్నాం. అమాయకుడికీ మనసుండదు, వీరుడికీ భయముండదు. ఇద్దరూ మనుషులు కారు.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఇది మనకు మరీ దగ్గరిది. జుడుం కాలంలో బస్తర్ నుంచి పారిపోయి వచ్చి మన అడవుల్లో గుడిసెలు వేసుకున్నవాళ్ళను గుత్తికోయలంటున్నాం. మన భాషే, మన పండుగలే, ఇంటి పేర్లు కూడా కలుస్తాయి. కానీ ఇక్కడ వాళ్ళకు ఎస్టీ సర్టిఫికెట్ లేదు. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో విధుల్లో ఉన్న ఒక అటవీ అధికారిని చంపారు. అది ఘోరం, చంపినవాళ్ళకు శిక్ష పడాల్సిందే. ఆ తర్వాత అక్కడి గ్రామసభ గుత్తికోయలందరినీ ఊరి నుంచి పంపేయాలని తీర్మానం చేసింది. గ్రామసభ అంటే పెసా చట్టం మనకిచ్చిన ఆయుధం అని యువతకు క్లాసుల్లో చెబుతున్నాం. ఆ ఆయుధాన్ని 1871 చట్టం పద్ధతిలో వాడారు. ఒకరు చేస్తే జాతి మొత్తం. మైదానం వాళ్ళ దగ్గర మనం నేర్చుకున్న చదువుల్లో ఇదీ ఒకటి కాబోలు.

ఉపాధ్యాయ మిత్రుడొకరు చెప్పిన సంగతితో ముగిస్తాం. ఆయన ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతికి తెలుగు చెబుతారు. 'నాకు భయం వేసిన రోజు' అని వ్యాసం రాయమన్నారట. ఎలుగుబంటి, వరదొచ్చిన వాగు, హాస్టల్ వెనక చింతచెట్టు మీది దెయ్యం, లెక్కల సారు. అన్నీ మామూలే. ఒక పిల్లవాడు మాత్రం తమ ఊరికి రాత్రిపూట టార్చిలైట్లతో మనుషులు వచ్చిన రోజు గురించి రెండు పేజీలు రాశాడు. కుక్కలు ఎలా అరిచాయో, వాళ్ళమ్మ పొయ్యిలో నిప్పు మీద నీళ్ళు ఎలా పోసిందో, నాన్న ఏ గోడ పక్కన నిలబడ్డాడో అంతా ఉంది. వచ్చింది ఎవరో మాత్రం లేదు. మొదటి నుంచి చివరి దాకా 'వాళ్ళు' అనే ఉంది. ఒకచోట పెన్సిలుతో ఏదో రాసి చెరిపిన మరక కనబడిందట.

సారు ఆ పిల్లవాణ్ణి పక్కకు పిలిచి, 'వాళ్ళు అంటే ఎవర్రా?' అని అడిగారు.

వాడు కాసేపు నేల చూసి, 'ఎవరని రాయమంటారు సార్?' అన్నాడట.

ఆయనకు ఏం చెప్పాలో తోచక కింద సంతకం పెట్టి నోటుబుక్కు ఇచ్చేశారు.